అలారం లేని ఊరు

ముప్పయ్యొక్క ఏళ్ళు ఆ చల్లటి గదిలో
ఆమె చూపు తెర మీద,
నా చూపు ఆమె కుడిపాదం మీద.
పెడల్ మీద మడమ కొంచెం లేచిందంటే
గుండెలో దొంగదారి దొరికిందన్నమాట.
నేను టెక్నీషియన్ని. గీతలు లెక్కపెట్టడం నా పని.

డాక్టర్ సబేలా ఔతెయిరో.
ఏడు కిలోల సీసపు కోటు,
దాని బరువుకి ఏటేటా ఓ పిసరు వంగిన నడుము.
తొడ దగ్గర దూర్చిన తీగని
గుండె దాకా పాకించి
పప్పుబద్దంత చోటు కాల్చేది.
తెర మీద తుఫాను తెగిపోయి
గీత తిన్నగా పడుకునేది.
ఒకటి.
రెండు.
మూడు.
ఆ మూడు క్షణాలు
ఎన్నేళ్ళకీ అలవాటు కాలేదామెకు.
తర్వాత ఒక దెబ్బ, ఇంకొకటి.
"వచ్చాడు" అనేది,
పొద్దుపోయి ఇల్లు చేరిన పిల్లాణ్ణి చూసినట్టు.

శనివారాలు గలీసియా తీరం చివరికి,
డిక్కీలో ఈసీజీ మిషను, అద్దాల మీద వాన.
ఒరెలియా వంటగదిలో
ఆక్టోపస్ కుండ పక్కకు జరిపి
ఫొటోలు పరిచింది ముసలమ్మ, పేకముక్కల్లా.
"వీడు అలారం మోగితే లేవలేదు.
ఇది ఫోను అందుకోబోతూ.
మా చెల్లెలు, చర్చి గంట కొడుతుంటే.
ఊరు శాపమంటోంది. మీరేమంటారు?"
ఆమె ఏమీ అనలేదు.
పద్నాలుగేళ్ళు అనలేదు.
నాలుగు తరాల వంశవృక్షం గోడంత అయ్యాక
పత్రికలో ఎనిమిది పేజీలు.
శాపం అన్న మాట లేదందులో,
ఒరెలియా పేరూ లేదు:
రెండో తరం, ఏడో సున్నా.

బ్రైస్ సంగతి దాటెయ్యలేను.
పంతొమ్మిదేళ్ళు. గీత నార్మల్.
"పో, బంతాడుకో" అంది.
మార్చిలో పోయాడు.
ఆ కాగితం మడిచి సొరుగులో పెట్టుకుంది,
ఏటా ఒకసారి విప్పి స్కేలుతో కొలిచేది.
ఇప్పటికీ నార్మలే.

వీడ్కోలు సభలో మైకు కీచుమంది.
అందరూ చెవులు మూసుకున్నారు,
ఆమె మాత్రం ముందు వరుస చూసింది,
ఒరెలియా మనవలు కూర్చున్న వరుస.
ఒక్కొక్కణ్ణీ చూసి, అప్పుడు
కాగితం తీసి చదవడం మొదలుపెట్టింది.
ఏం చదివిందో గుర్తు లేదు.

మొన్న ఆ ఊళ్ళో ఓ రాత్రి ఉన్నాను.
తెల్లవారింది, ఏ గడియారమూ మోగలేదు.
తలుపు సందులోంచి కనిపించింది,
ఓ తల్లి పిల్లవాడి పాదం పట్టుకుని
మెల్లగా నిమురుతోంది.
వాడికి మెలకువ రావడానికి చాలాసేపు పట్టింది.
బడికి ఆలస్యమైంది.
ఎవరూ అరవలేదు.