చెల్లని నొక్కులు

పత్తికొండ టమోటా మార్కెట్లో పాట ఆగేలోగా
నేను రేటు ఎక్కిస్తా.
నా సైటులో ఉండేది అంతే:
ఒక తేదీ, పెట్టెకు ఎంత అనే పట్టిక,
అడుగున నా పేరు, దస్తగిరి.
పక్కన ఖాళీ జాగా.

ఆ జాగాను కౌలుకిచ్చినా.
కౌలుదారు మొహం నేను చూల్లేదు.
ఏ పూట ఏం విత్తుతాడో నాకు చెప్పడు.
ఒకనాడు పురుగుమందు మొలుస్తుంది,
ఒకనాడు బంగారం మీద అప్పు,
మోకాళ్ల నొప్పులకు నూనె,
ఒకసారైతే సింగపూర్‌లో మూడు రాత్రులు.
ఎవరన్నా దాన్ని వేలితో నొక్కితే నాకు పైసలు.
చూస్తే రావు. నొక్కాల.
చూసిపోయేటోళ్లు వెయ్యిమంది,
నొక్కేటోళ్లు ఏడెనిమిది.

"నొక్కేసినోళ్ల దగ్గర డబ్బులుండేది
ఊరందరికీ తెలిసిందే గదరా," అంది మా యమ్మ కాశింబి,
"నొక్కినందుకు ఇచ్చేటోళ్లు గూడా ఉండారా?"

పది డాలర్లు నిండినాక
పోస్ట్‌మన్ నాగలింగం తెల్లకవరు తెచ్చినాడు.
కోర్టు కాగితమని వీధి వీధంతా గడపల్లోకొచ్చింది.
లోపల ఆరంకెలు.
ఆ అంకెలు కొడితే
నేను నేనేనని వాళ్లకు నమ్మకమంట.

దసరా దాటినాక రేటు పడింది.
కిలో రూపాయి. మర్నాడు అర్ధరూపాయి.
ఆదోని రోడ్డు పొడుగునా పారబోసినారు,
ఎనుములు కూడా మూతి పెట్టి
తిప్పుకుని పోయినాయి.

ఆ వారమే నా సైటుకు
ఎన్నడూ రానంత జనం.
జ్వరమొచ్చిన బిడ్డ నుదురు తాకినట్టు
గంటకోసారి తెరిచి చూస్తారు,
తగ్గిందా, ఇంకా పెరిగిందా అని.
పక్కన అప్పు ఇస్తామనేవాడు నవ్వుతా నిలబడి ఉంటాడు.
నొక్కుతారు.
పట్టికలో అంకె కిందికి,
నా లెక్కలో గీత పైకి.
ఇరవై ఐదు కిలోల పెట్టెకు పన్నెండున్నర,
ఒక్క నొక్కుకు పద్నాలుగు.
ఆ రాత్రి మాయమ్మ టమోటా చారు పోస్తే
చేయి అడ్డం పెట్టినా.

ఈ సంగతి కడుపులో ఉంచుకోలేక
హమాలీ సుంకన్నకు టీ కొట్టుకాడ చెప్పినా.
తిడతాడనుకున్నా.
"ఇన్నేండ్లు ఊరికే రేటు చెప్తివి గదప్పా,
ఇది ముందే చెప్పాల్నా లేదా?" అన్నాడు.

లారీ వచ్చేదాకా పెట్టెల మీద కూచుని
అందరూ నొక్కినారు.
కాయలు కాసిన బొటనవేళ్లు,
బ్యాంకులో, రేషను షాపులో
యంత్రం గుర్తుపట్టదని తిప్పి పంపిన వేళ్లు,
పగిలిన అద్దాల మీద
గట్టిగా, గోడకు మేకు దించినట్టు.
సుంకన్న పెండ్లాం ఈరమ్మకు చదువు రాదు,
ఆమె నలభైసార్లు.
సింగపూర్ బొమ్మ బాగుందంట.

మూడోరోజు జాబు వచ్చింది.
చెల్లని నొక్కులు గుర్తించినాము,
ఖాతా మూసినాము.
నూరు నిండితే గానీ చేతికియ్యరు,
నాది తొంభై ఒకటి దగ్గర ఆగింది.

మొర పెట్టుకునే దారి ఒకటుంది.
ఒక ఫారం. అందులో ఒక ప్రశ్న:
నొక్కినవారు మీకు తెలిసినవారా?

తెలుసు.
ఎవరి పెట్టె ఎంత బరువో తెలుసు,
ఎవరి వేలికి గోరు లేదో తెలుసు.
అప్పు కోసం నొక్కినోడిది చెల్లింది,
నా కోసం నొక్కినోళ్లది చెల్లలేదు.
ఇదంతా రాసి,
తుడిపేసి,
ఫోన్ జేబులో పెట్టుకున్నా.

వాళ్లకు చెప్పలేదు.
చెప్తే ఈరమ్మ తన వేలిని తిట్టుకుంటుంది.

మరుసటి వారం పాట అయినాక
సుంకన్న ఫోన్ తీసినాడు.
పట్టిక పక్కన బోసి తెలుపు.
అలవాటుగా అక్కడే రెండుసార్లు నొక్కి,
"ఈపొద్దు ఏమీ మొలవలేదేందప్పా?" అన్నాడు.

"వానల్లేవు గదా," అన్నా.

పెట్టె నలభై ఐదు.
అది చూపించినా.