చిన్న గీత, ఒక అక్షరం

ఔలులో నవంబరు. మూడింటికే చీకటి.
హిల్కా బల్ల మీద పెద్ద కాగితం,
అడ్డంగా పనిముట్ల పేర్లు, నిలువునా అక్షరాలు.
నకలు తీసేది, జరిపేది, చెరిపేది, మూటగట్టేది.

'ఎఫ్' గడి దగ్గర పెన్సిలు ఆగింది.
చెరిపేదానికి అది మొండితనం: అడక్కు, కానిచ్చెయ్.
మూటగట్టేదానికి వట్టి ప్రశ్న: ఏ ఫైలో చెప్పు.

'ఆర్' ఇంకా అన్యాయం.
ఒకచోట కూర్చుని, ఒకచోట లేచి నిలబడి
లోపలి గదులన్నీ తిరిగొస్తానంటుంది.
జాబితా చదివేచోట మాత్రం
కింది నుంచి పైకి నడుస్తుంది.

"ఒక ఇంటి పిల్లలే," అంది హిల్కా,
"కేకేస్తే ఒకడొస్తాడు, ఒకడు తలుపేసుకుంటాడు."

ఎవర్ని తిట్టాలి?
ఒక్కోటీ ఒక్కో దశాబ్దంలో, ఒక్కో అలసిన మనిషి
పొద్దుపోయాక రాసింది.
ఆ వేళకి ఏ అక్షరం ఖాళీగా ఉంటే అది తగిలించాడు.

మూడు వారాలు కూర్చుని సరిచేశాం.
గీత పెట్టి ఏ అక్షరాన్ని పిలిచినా
ప్రతి పనిముట్టూ ఒక్క మాట మీద నిలబడేట్టు.
ఆ రాత్రి కాగితం మీద కొట్టివేతలు లేవు.
హిల్కా దాన్ని గోడకి అంటించి
కాఫీ చల్లారేదాకా చూసింది.

గురువారం కెమియార్వి నుంచి ఫోను.
మంచు లోతు కొలిచే కేంద్రం. ఒస్మో.
నెమ్మదైన గొంతు, కోపం కూడా లేదు.
"మా దగ్గరొక స్క్రిప్టు ఉంది. రైమో రాశాడు.
రాత్రి రెండింటికి జాబితా తిరగేసి
పైనున్న ఫైలు పంపుతుంది.
మీ కొత్త 'ఆర్' తిరగెయ్యడం లేదు.
మూడు రాత్రులుగా అది
ఇరవై రెండేళ్ళ కిందటి మొదటి రోజు మంచునే
పంపుతోంది."

రైమోని అడగొచ్చు కదా, అన్నాను.
"పోయి ఆరేళ్ళు."

తప్పునే నమ్ముకుని
ఒక్క రాత్రీ తప్పకుండా నడిచింది ఆ నాలుగు వరుసల రాత.
మేం ఒప్పు చేసి ఆపాం.

హిల్కా ఏమీ అనలేదు.
జాబితాకి దాని పాత 'ఆర్' తిరిగిచ్చేసింది.
లోపలి గదులు తిరిగే పనికి
రెండు గీతలు పెట్టి, నిండు పేరు రాసింది,
చదివినవాడెవడూ పొరబడనంత పొడుగ్గా.

కాగితం ఇంకా గోడ మీదే ఉంది.
అన్ని గడుల్లోనూ అర్థాలున్నాయి.
ఒక్కదాంట్లో మాత్రం, పెన్సిలుతో,
రైమో.