గీత మీద బిళ్ళ

బడి ముంగిట సుద్దముక్కతో
జిల్లాలన్నీ గీశాను.
పెంకుబిళ్ళ విసరాలి, పేరు చెప్పాలి,
ఒంటికాలి మీద గెంతాలి.

కడప దాకా పోయి ఆయాసపడ్డాడు మాల్యాద్రి.
అనంతపురం దూరమని ఎవరూ పోరు.
సముద్రంలో కాలు పడితే
మునిగినట్టే.

రజియా బిళ్ళ జారి జారి
ప్రకాశానికీ నెల్లూరికీ నడుమ
గీత మీద ఆగింది.
"అవుట్!" అరిచారు.
"ఎట్టా అవుటు? అది కందుకూరు,
మనూరే గదా సార్!"

నిజమే.
నేను నెల్లూరు జిల్లాలో పుట్టి
ప్రకాశంలో చదివి, పెళ్ళాడి,
మళ్ళీ నెల్లూరు జీతం తీసుకుంది
ఈ ఒక్క వీధిలోనే,
బీరువా కూడా జరపకుండా.

గంట కొట్టారు.
నేనింకా తీర్పు చెప్పలేదు.
రజియా ఒంటికాలి మీదే ఊగుతోంది,
రెండో పాదం
ఎటు దించమంటారని.