తన్నుడు బండి

లూలియోలో సముద్రం మీద నడవడానికి
టికెట్ లేదు.
రేవు మెట్లు దిగితే
పడవలుండాల్సిన చోట బెంచీలు,
బెంచీల పక్కన ఎవరైనా తీసుకుపొమ్మని బండ్లు,
కుర్చీకి రెండు ఇనపకాళ్ళు సాగదీసినట్టు.
స్పార్క్ అంటారు, అంటే తన్ను, అంది హెల్మి.
తన్నితే పోతుంది, లేకపోతే ఉన్నచోటే ఉంటుంది.
మా ఆఫీసులో ఫైలు లాంటిదే అన్నాను.
ఆమె మా ఆఫీసు చూడలేదు. మర్యాదకి నవ్వింది.

వారం సెలవు.
ఆకాశంలో పచ్చవెలుగు ఆడుతుందంటే
డబ్బు కట్టి వచ్చినదాన్ని.
ఐదు రాత్రులూ మబ్బు మూసుకునే ఉంది,
అప్పడిగినప్పటి మేనమామ ముఖంలా.
ఆరో రోజు పొద్దున
(పొద్దున అనకూడదు, తొమ్మిదైనా
కిటికీ నిండా నీలిమందు నీళ్ళే)
ఇంట్లో గది అద్దెకిచ్చిన హెల్మి తలుపు తట్టి
"పైన సంగతి వదిలెయ్, కింద చూద్దాం రా" అంది.

డెబ్భై తొమ్మిదేళ్ళ మనిషి.
దర్జాగా కూర్చుంది, ఒళ్ళో ఫ్లాస్కు,
మోకాళ్ళ మీద రెయిన్‌డీర్ తోలు.
నేను వెనక, ఒక కాలు బద్ద మీద,
ఒక కాలు తన్నడానికి.
మొదటి తన్నుకి నేను పడ్డాను.
బండి ఆమెతో సహా పది గజాలు పోయింది.
వెనక్కి తిరక్కుండానే చెయ్యెత్తింది
బస్సాపే కండక్టరులా.

పక్కనించి ఒకాయన చంటిబిడ్డ బండి తోసుకుపోయాడు,
బిడ్డ ముక్కు తప్ప ఏమీ కనబడలేదు.

ఇదేమిటి మీ భాషలో, అనడిగింది.
కాళ్ళకింద చూపించి, మంచు.
చెట్ల మీద చూపించి, మంచు.
దూరంగా ద్వీపాన్ని మింగిన తెల్లపొగ చూపించి
మళ్ళీ అదే.
మా పెరట్లో తెల్లారగట్ల
గన్నేరాకు మీది తడి కూడా.
హెల్మి నన్ను చూసిన చూపు,
ఏడాదంతా ఒకే గౌనుతో బడికొచ్చే పిల్లని చూసే టీచరుది.

తరవాత ఒక్కోటీ చేతిలో పెట్టింది.
పిడికిట్లో పట్టు నిలిచేది క్రామ్‌స్నో, కౌగిలి మంచు.
పైన పెచ్చు కట్టి మనిషిని మోసేది స్కారె,
మార్చిలో దాని మీద అడవి దాటేయొచ్చు.
నల్లగా, లోపల బుడగలతో ఉండేదానికి ఇంకో పేరు,
నా నాలుక తిరగలేదు.
నమ్మాల్సింది దాన్నేనట.

ఆమె భర్త ఆర్వో ముప్ఫై చలికాలాలు
ద్వీపాలకి దారి వేసినవాడు,
బరమాతో బొక్కేసి, కొలకర్ర దించి, పుస్తకంలో అంకెలు.
పెళ్ళిరోజు మర్చిపోయేవాడు గానీ
ఏ మలుపులో ఎన్ని సెంటీమీటర్లో నిద్రలో చెప్పేవాడు.
"ఎప్పుడైనా మునిగాడా?"
"లేదు. మా సౌనాలో జారి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు."

అప్పుడే కిందనించి ఒక మూలుగు.
కిలోమీటరు పొడుగు తీగని ఎవరో మీటినట్టు
మా కిందుగా పోయి, ఎక్కడో ఆగింది.
నేను బండి వదిలి హెల్మిని పట్టుకున్నాను.
"చలికి ఒళ్ళు పెంచుకుంటోంది. అరిస్తే మంచిదే.
అరవనప్పుడు ఆలోచిద్దాం."

చేపల కన్నం దగ్గర మనవరాలు వెండ్లా,
బడి తెరవడానికి రెండు రోజులు,
గేలం కంటే చిన్న చేప, వదిలేసింది.
కాఫీలో జున్నుముక్కలు వేసిచ్చారు.
జున్నే, మా జున్నుకి దూరపు చుట్టం,
పళ్ళకింద కీచుమంది.

"అయితే మీకేం ఉన్నాయి?" అంది వెండ్లా.
ఎండ, అన్నాను, బట్టలారేసేది.
వడ, మనిషిని పడేసేది.
ఉక్క, గాలాడక దిండు తడిపేది.
సెగ పొయ్యిది, కాక పెనానిది,
ఉడుకు జ్వరంలో నుదుటిది, కోపంలో మాటది.
వేళ్ళు సరిపోక గ్లవ్స్ విప్పాను.
మాకన్నిటికీ ఒకటే, వర్మ్, అంది హెల్మి,
కొంచెం చిన్నబోయి.

రెండింటికల్లా చీకటి.
సాయంత్రం సౌనాలో రాళ్ళ మీద నీళ్ళు పడగానే
వెండ్లా కేక: "ఉక్క!"
కాదమ్మా, ఇది సెగ.
హెల్మి ఇంకో గరిటె పోసింది.
"ఇప్పుడో?"
ఇప్పుడు ఉక్కే, ఒప్పుకున్నాను.
బయట వీధిలో ఎవరో
ఆకాశం విచ్చింది రండి రండి అని అరుస్తున్నారు.
ముగ్గురికీ వినబడింది.
హెల్మి గరిటె ముంచింది.