ఆగినంక చూడాలె

నల్లగొండ పెద్దాసుపత్రి గేటు కాడ
తెల్ల బండి. ఆరు సీట్లు. చప్పుడు లేని చక్రాలు.
నడిపేది ఇస్తారమ్మ.
ఖాకీ కోటు జేబుల సున్నం డబ్బీ,
మెడల దారానికి బండి తాళం.

"దీని మొఖాన ముల్లు లేదు బిడ్డా," అన్నది.
"ఎంత తిన్నదో, ఎంత మిగిలిందో
మోటరు గొంతు విని చెప్పాలె.
మొన్న ఆ గొంతు నాకు అందలే.
కాన్పుల వార్డు ఎత్తు మీద ఆగింది.
ఎక్కినామె మర్రిగూడ పిల్ల, నొప్పుల మీదున్నది.
నేను, వాచ్‌మన్, చాయ్ పోరడు నూకినం.
మెల్లగ, మెల్లగ అనుకుంట
ఆ పిల్లనే మాకు ధైర్యం చెప్పింది."

నాది గడియారం సెంటర్ ఎనక గల్లీ,
మోటర్ వైండింగ్ దుకాణం.
నీళ్ళు దొరకని బోర్ల కాలిన వాసన
నా అంగీని ఇడిచిపెట్టదు.
రాగి తీగ చుట్టుడు తెలుసు.
బండికి కన్ను పెట్టుడు ఇదే మొదలు.

సీటు లేపితే ఆరు బ్యాటరీలు,
ఒక్కోటి ఎనిమిది వోల్టులు,
మొనల మీద తెల్లగ, పచ్చగ పేరుకున్న బూజు.
వేడినీళ్ళు, వంటసోడా పోస్తే బుసబుస పొంగింది.
లోపల నీళ్ళు తగ్గినయి.
"నల్లా నీళ్ళు పోస్తే కాదా?" అడిగి,
నేను నోరు తెరవకముందే
"ఈ జిల్లా నీళ్ళు బొక్కలకే పడలె,
సీసానికి పడతయా" అని ఆమెనే నవ్వింది,
వంగని కుడికాలు చాపుకొని.

మీటరు కోఠి నుంచి బస్సుల వచ్చింది,
సకినమంత గుండ్రం.
డ్యాష్‌బోర్డుకు రంధ్రం గీయాలె, కొలత లేదు.
ఇస్తారమ్మ సున్నం డబ్బీ మూత తీసిచ్చింది.
సరిగ్గ సరిపోయింది.
తెల్లటి సున్నపు గీత మీదనే రంపం నడిపిన.

ఎర్ర తీగ మొదటి బ్యాటరీ ప్లస్సుకు,
నల్ల తీగ ఆఖరిదాని మైనస్సుకు,
నడుమ ఒక చిన్న ఫ్యూజు.
నడిమిట్ల యాడ ముట్టినా
మీటరు సగం ముచ్చటే చెప్తది.
ఐదు పచ్చగీతలు లేచినయి.
యాభై వోల్టులు, పైన ఇంకో తొమ్మిది.
కొట్టం ముందర నిలబడ్డ సూపర్‌వైజర్
"బిల్లు కాంట్రాక్టర్‌కు పంపు" అని పోయిండు.
(పంపిన. నాలుగు నెలలాయె.)

తెల్లారి ఐదింటికి ఫోను.
"నీ కన్ను రాత్రంత నిద్రపోలేదు.
కొట్టంల ఎలుకలకు కూడ దీపమాయె."
తప్పు నాదే.
తాళం దాటినంక ఇయ్యాల్సిన తీగ
తాళానికి ముందే ఇచ్చిన.
చూసే కన్ను కూడ తింటది, ఇంతైనా.
పోయి మార్చిన. ఆమె తాళం తిప్పింది, ఎలిగింది.
ఎనక్కి తిప్పింది, ఆరింది.
నాలుగుసార్లు తిప్పి చూసింది.

మొదటి ఎక్కుడుకు నేను పక్కన కూసున్న.
ఎనక సెలైన్ సీసా పట్టుకున్న ముసలాయన.
ఎత్తు మొదలుకాంగనే
ఐదు గీతలు మూడాయె, మూడు రెండాయె.
ఇస్తారమ్మ కాలు బ్రేకు మీదికి పోయింది.
"దింపుదునా తాతను?"
వద్దు, ఎక్కించు, అన్న.
బరువు మోసేటప్పుడు లెక్క అడగొద్దు.
ఆగినంక చూడాలె.

పైన వేపచెట్టు నీడల ఆపింది.
తాత దిగిండు. మేము దిగలే.
రెండు మూడాయె.
చాలాసేపటికి, మూడు నాలుగాయె.
"మరి ఇందాక అబద్ధం చెప్పిందా?"
అబద్ధం కాదమ్మా. ఆయాసం.
ఆమె కొంగుతోని మీటరు అద్దం తుడిచింది,
ఎవరి మొఖమో తుడిచినట్టు.

ఎండలు ముదిరినంక ఒకనాడు
స్టార్టరు డబ్బ షాక్ కొట్టిన మా బామ్మర్దిని
ఆంబులెన్సుల ఎవరో ముందే తెచ్చిండ్రు.
నేను చెప్పులు లేకుండ గేటు దాక ఉరికొచ్చిన.
తెల్ల బండి వచ్చి పక్కన ఆగింది.
ఏమాయె అనలే. ఎవరికి అనలే.
ఎత్తంత ఆమె చూపు మీటరు మీదనే ఉన్నది,
నా దిక్కు తిప్పలే.
వేపచెట్టు కింద తాళం తిప్పి, ఆర్పి,
సున్నం డబ్బీ తీసి, మళ్ళ జేబుల పెట్టి
అన్నది:
"ఇగ చెప్పు."