తరుగు

మేయరు కాకముందు కోరాడ లోకనాథం
హార్బరులో ఐసు ఫ్యాక్టరీ నడిపేవాడు.
నేనాయన గుమాస్తాని.
బోటుకి ఎన్ని దిమ్మలెక్కాయో రాయడం నా పని,
దారిలో ఎంత కరిగిందో చెప్పడం ఆయన పని.
అరచేత్తో తట్టి చెప్పేవాడు.
కాటా ఆయన తర్వాతే పలికేది,
అదే పలికేది.

మెళ్ళో గొలుసు పడ్డ మొదటి వారం
బడ్జెట్ పుస్తకం ముందేసుకుని
"ఇందులో తరుగు ఏ పేజీలో ఉంది?" అన్నాడు.
కమిషనరు నవ్వారు. ఈయన నవ్వలేదు.
కోటి బయల్దేరితే గెడ్డ దాకా ఎంత చేరుతుందో,
ఊక కప్పకుండా ఎవరు మోస్తున్నారో
వేసవంతా అదే వెతుకులాట.

తెల్లారగట్ల లుంగీతోనే వెళ్ళి
జ్ఞానాపురంలో పూడిక తీస్తుంటే పక్కన నిలబడి
ట్రిప్పుకో అగ్గిపుల్ల విరిచేవాడు.
కాంట్రాక్టరు కాగితంలో పద్దెనిమిది,
ఈయన జేబులో పదకొండు పుల్లలు.

అన్నీ పుల్లలకి లొంగవు.
జాలారిపేట కొళాయి గిట్టుబాటు కాదన్నాడు ఓసారి.
ఎర్రాజమ్మ చేపలబుట్ట ఆయన గుమ్మంలో దించి
"మా దాహానికీ కాటా ఎడతావేటి బాబూ?" అంది.
కొళాయి వచ్చింది.
ఫైల్లో కారణం రాయాల్సిన గడి
ఖాళీగా వదిలేశాడు.

ఆ తర్వాత గాలి వచ్చింది.
ఊరంతా చీకటి, రోడ్లంతా చెట్లు.
కేజీహెచ్ శవాల గది నుంచి కబురు.
డీజిలు పోసి ఫ్యాక్టరీ ఆడించాడు,
లారీ ముందు నడుస్తూ కొమ్మలు నరికించాడు.

నేను బిల్లు రాశాను.
ఎవరూ రాయమనలేదు. ఇరవై రెండేళ్ళ అలవాటు,
దిమ్మ గేటు దాటితే కాగితం వెంట వెళ్ళాలి.
మూడొందల నలభై దిమ్మలు.
ఆ వారం ఆయన ముందు పడ్డ వందల కాగితాల్లో అదొకటి.
అమ్మినవాడి చోటా
మంజూరు చేసినవాడి చోటా
ఒకటే సంతకం.

ఎన్నికలనాటికి ఆ కాగితం
ఆశీలుమెట్ట గోడలన్నీ ఎక్కింది.
పేపరువాళ్ళకి చెప్పేస్తానన్నాను, తప్పు నాదేనని.
"చదవకుండా సంతకం పెట్టింది నేను గదా.
అది నీ ఖాతాలో రాయకు."

ఆ సొమ్ము తిరిగి కట్టేశాడు.
రసీదు నా సొరుగులోనే ఉంది,
అడిగినవాళ్ళు లేరు.

ఇప్పటికీ పొద్దున్నే వస్తాడు, దిమ్మ తడతాడు.
ఈ మధ్య లెక్క తప్పుతోంది,
రెండు కేజీలు, ఒక్కోసారి మూడు.
నేను కాటా వైపు ఒకసారి చూసి
ఆయన చెప్పిందే రాసుకుంటున్నాను.