మంచం కింది దిమ్మలు

వాడెన్ సముద్రపు గట్టు మీద సైకిలు తొక్కుకుంటూ
ఏడున్నరకల్లా వచ్చేదాన్ని మీ ఇంటికి.
గాలి ఎదురైన రోజు ఎనిమిదయ్యేది.
కిటికీలో చెక్క కొంగ,
దాని ముక్కున వేలాడే గుడ్డ మూట,
మూట మీద రంగు ఇంకా ఆరని పేరు: యిల్డౌ.

మంచం నాలుగు కోళ్ళ కిందా దిమ్మలు ముందే పెట్టించాను.
అవి నీ కోసం కాదు, నీన్‌కే,
వంగి వంగి అరిగిపోయిన నా నడుం కోసం.
ఇరవై ఆరేళ్ళు, ఆరొందల పైచిలుకు పురుళ్ళు.
నువ్వు మాత్రం ఆ ఎత్తు మీంచి కిందికి చూసి
"పడవలో పడుకున్నట్టుంది" అన్నావు మొదటి రోజు, నవ్వుతూ.
మూడో రోజు నవ్వలేదు.

మూడోనాడే కదా పాలు పడేది.
రొమ్ములు రాళ్ళై, చొక్కా తడిసి,
వాటి వెనకే, ఎవరూ పిలవని కన్నీళ్ళూ పడతాయి.
మా భాషలో వాటికో పేరుంది, పురిటి కన్నీళ్ళని.
పేరు తెలిసిన నొప్పి సగం తగ్గినట్టే అంటారు.
ఏమో.

ఆ రోజు చుట్టాలొచ్చారు.
డూకె తల్లి రస్కుల మీద వెన్న రాసి
గులాబీ రంగు సోంపు పలుకులు చల్లి పంచింది,
"ఎంత అదృష్టం, ఎంత అదృష్టం" అని
ఒక్కో రస్కుకీ ఒక్కోసారి.
నువ్వు కొరికావు. పలుకులు పక్కంతా దొర్లాయి.
అందరూ వెళ్ళిపోయాక కూడా
వాటిని ఒక్కొక్కటే ఏరుతూ కూర్చున్నావు.

అప్పుడన్నావు, దుప్పటితో అన్నట్టు:
"ఇది ఎవరి బిడ్డో. అసలు తల్లి వచ్చి
తీసుకుపోతుందని చూస్తున్నాను."

నా నోట్‌బుక్కు నిండా గళ్ళే.
జ్వరమెంత, బరువెంత, కుట్లు ఎలా ఉన్నాయి,
ఎన్ని గుడ్డలు తడిసాయి,
నల్లటి విరేచనం ఎప్పుడు పసుపు తిరిగింది.
నీ మాట రాయడానికి గడి లేదు.
అంచున రాశాను, పెన్సిలుతో.
మంత్రసానికి ఫోన్ చేశాను, నీకు చెప్పే చేశాను.
ఆ తర్వాత నీ మంచం మీదే, కాళ్ళ దగ్గర చేరి
బంగాళాదుంపల చెక్కు తీశాను.
ఓదార్చడం నాకు రాదు. చెక్కు తీయడం వచ్చు.
తెగకుండా, పొడుగ్గా, గిన్నెలోకి.

నువ్వు మాట్లాడావు.
నొప్పులప్పుడు అరిచినందుకు సిగ్గని,
రాత్రి మూడింటికి గట్టు మీది దీపాలు లెక్కపెడతావని,
డూకె రొయ్యల పడవ దగ్గరికి వెళ్ళినప్పుడే
కాస్త ఊపిరాడుతుందని,
అలా అనిపించినందుకు మళ్ళీ ఏడుపని.
నేను ఊఁ కొట్టాను.
ఊఁ కొట్టేవాళ్ళు నిద్రపోతే
చెప్పేవాళ్ళు చీకట్లో ఒక్కరే మిగులుతారు.

"నీకూ ఇలాగే అయిందా?" అడిగావు.
కత్తి ఆగింది.
మా పెద్దాడు పుట్టిన ఏడు
వాడి ఉయ్యాల ఉన్న గది తలుపు బయటినుంచి మూసి
మెట్ల మీద కూర్చునేదాన్ని, కోటు వేసుకుని, బూట్లు వేసుకుని.
ఎక్కడికీ వెళ్ళలేదు.
ఎక్కడికని అడిగినవాళ్ళూ లేరు.
అయింది, అన్నాను.
చెక్కు తెగింది.

ఐదో రోజు తలంటుకున్నావు. ఆరో రోజు ఏడ్చావు.
ఏడో రోజు మంత్రసాని పంపిన ఆవిడ వచ్చి
నీతో గంటసేపు తలుపేసుకుని కూర్చుంది.
నేను బట్టలు ఆరేశాను.
బాగుపడ్డావని రాయను.
బిడ్డ తుమ్మినప్పుడు మాత్రం
నాకంటే ముందు నువ్వు తల తిప్పావు.

బీమా వాళ్ళ లెక్కలో బాలింతకి ఎనిమిది రోజులు.
ఇవాళ ఎనిమిది.
డూకె మంచం ఎత్తి పట్టుకుంటే
ఒక్కో దిమ్మే లాగేశాను.
నువ్వు దిగనన్నావు, బిడ్డతో సహా మంచం మీదే ఉన్నావు.
చిన్న కుదుపుతో నేలకి ఆనింది.
"రేవుకొచ్చామా?" అన్నావు.
నన్నో, బిడ్ననో, తెలీలేదు.
ఎవరం జవాబు చెప్పలేదు.

సంతకాలు పెట్టించుకుని కోటు తొడుక్కున్నాను.
గట్టు మీద సగం దూరం వచ్చేసరికి
ఎడం చెయ్యి కొయ్యబారింది.
ఊలు తొడుగు ఒకటి మీ రేడియేటర్ మీద ఉండిపోయింది.
మరిచిపోయాననుకో, పర్లేదు.
రేపు దానికోసం వస్తాను.
బెల్లు కొట్టను, బిడ్డ లేస్తుంది.
వెనక తలుపు తీసి ఉంచు.